ఆయిల్ చూసే మనిషి

కారు ఆయిల్ గేజిని గొట్టంలోంచి లాగి, పాత బనీను గుడ్డతో కొసదాకా తుడిచి, మళ్లీ లోపలికి దించాడు. దించి ఒక్క క్షణం ఆగాడు. అలా ఆగటం అతని అలవాటు. తర్వాత ఆ సన్నని ఇనప బద్దను బయటికి తీసి, కొసను అప్పుడే వస్తున్న వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాడు. బద్ద మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ తడి ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఒకచోట ఉండాలి. ఇవాళ కింది గీతదాకా కూడా రాలేదు.

"మళ్లీ తాగేశావూ?" అన్నాడు కారుతో.

పక్కన ఎవరూ లేనప్పుడు అతను కారుతో మాట్లాడతాడు. ఎవరైనా ఉంటే, వాళ్లతో కూడా పెద్దగా మాట్లాడడు. అతను డ్రైవరుగా ఉన్న ఇంట్లో అందరూ అతన్ని నిదానం అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది ఆ ఇంటి కొడుకు చిన్నబాబు, ఏడో తరగతిలో ఉన్నప్పుడు, బడికి రోజూ ఆలస్యం అవుతోందన్న కోపంతో. ఇప్పుడు చిన్నబాబుకే బడికెళ్లే పిల్లలున్నారు. పేరు మాత్రం మిగిలిపోయింది.

ఆయిల్ డబ్బాలుండే గది మెట్ల కింద ఉంది. ఆ తలుపుకి ఎప్పుడూ ఒట్టి గడియే ఉండేది. ఇప్పుడు తాళం వేలాడుతోంది. ఇంకా మెరుపు పోని కొత్త తాళం. నిదానం వంటగది కిటికీ దగ్గరికెళ్లి గొంతు సవరించుకున్నాడు. చిన్నబాబు తల్లి, పెద్దమ్మగారు, కిటికీ ఊచల్లోంచి తాళంచెవి అందించింది.

"లేవగానే దీనికి ఆకలా? మా వాడికి తోడు దొరికింది," అందామె.

నిదానం నవ్వి డబ్బా తెచ్చుకున్నాడు. పోసేటప్పుడు కొద్దిగా పక్కకి జరిగి, కిటికీలోంచి డబ్బా, గరాటు, తన చేతులు మూడూ కనబడేలా నిలబడ్డాడు. ఇదివరకు ఇలా నిలబడేవాడు కాదు. ఎలా నిలబడుతున్నాడో కూడా ఎరగడు. ఇప్పుడు తాళం వచ్చాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించాల్సి వస్తోంది. పోశాక మళ్లీ గేజి చూశాడు. తడి రెండు గీతల మధ్యకి వచ్చింది. మిగిలిన డబ్బా గదిలో పెట్టి, తాళం వేసి, సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసి, చెవి కిటికీలో ఇచ్చేశాడు.

మేడమీద వరండాలోకి చిన్నబాబు పళ్లు తోముకుంటూ వచ్చాడు. నురగ ఊసి, కిందకి వంగి, "ఇవాళ ఆ మెకానికావిడ దగ్గర పెట్టెయ్. కొట్టు మూసి సాయంత్రం నేనే అటు వస్తాను. ఇవాళ ఏదో ఒకటి తేలిపోవాలి," అన్నాడు.

"తేలిపోవాలి చిన్నబాబూ," అన్నాడు నిదానం.

ఇద్దరూ ఒకే మాట అన్నారు. చిన్నబాబుకి తేలాల్సింది వేరు, తనకి తేలాల్సింది వేరు.

కారుని వెనక్కి దించాడు. పోయిన వానాకాలంలో వీధి నీళ్లు హాల్లోకి వచ్చి సోఫాలు తడిశాక, వాకిలంతా మట్టి పోయించి, ఎత్తుచేసి, సిమెంటు వేయించారు. అప్పట్నుంచి కారు ముక్కెత్తుకుని నిలబడుతోంది. దించేటప్పుడు బ్రేకు మీద కాలుంచి, కడుపులో బిడ్డ ఉన్నావిడని మెట్లు దింపినట్టు దించుతాడు. చిన్నబాబు భార్యని పురిటికి తీసుకెళ్లింది కూడా అతనే. ఆరోజు చిన్నబాబు పక్కన కూర్చుని "తొందరగా, తొందరగా" అని డాష్‌బోర్డు గుద్దుతూనే ఉన్నాడు. నిదానం ఒక్క గుంటలో కూడా చక్రం పడకుండా తీసుకెళ్లాడు. పిల్ల ఆస్పత్రిలోనే పుట్టింది.

ఆ ఇంటికి అద్దాల వ్యాపారం. కిటికీ అద్దాలు, నిలువుటద్దాలు, బల్లలమీద పరిచే అద్దాలు. అద్దాల ఇంటికి నిదానస్తుడే డ్రైవరు కావాలని చిన్నబాబు తండ్రి, పెద్దాయన, అంటుండేవాడు. పెద్దాయన పోయాక వ్యాపారం చిన్నబాబు చేతికొచ్చింది. మనిషి చెడ్డవాడు కాదు. అన్నిటికీ సమాధానం కావాలి అతనికి, అంతే. సమాధానం దొరక్కపోతే నిద్రపట్టదు.

ఆయిల్ ఎటు పోతోందన్నదానికి సమాధానం దొరకలేదు. పెద్ద గ్యారేజీలో చూపించారు. కారుని పైకెత్తి కింద లైటేసి చూశారు. ఎక్కడా చుక్క కారటం లేదు. పొగగొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టారు. మరక పడలేదు. అక్కడి సూపర్‌వైజరు చిన్నబాబుతో, "బయటికి కారటం లేదు, లోపల కాలటం లేదు సార్. అసలు పోస్తున్నారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నిదానం పక్కనే ఉన్నాడు. చిన్నబాబు నవ్వలేదు, నిదానం వైపు చూడనూ లేదు. మర్నాడు గదికి తాళం వచ్చింది. తాళం వచ్చాక కూడా, వాళ్ల కళ్లముందే పోశాక కూడా, ఆయిల్ తగ్గుతూనే ఉంది. పోసింది బయటెక్కడో తీసి అమ్ముతున్నాడన్న మాట ఎవరూ అనలేదు. ముందుసీట్లో పక్కన కూర్చుని కబుర్లు చెప్పే చిన్నబాబు మాత్రం, ఆ రోజునుంచి వెనకసీట్లో కూర్చుంటున్నాడు.

మెకానిక్ షెడ్డు రోడ్డుకన్నా కొంచెం ఎత్తులో ఉంటుంది. ఆమె తండ్రీ నిదానమూ ఒకప్పుడు ఒకే లారీ మీద పనిచేశారు. తండ్రి పోయాక షెడ్డు ఎవరికో అమ్మేస్తుందనుకున్నారు. ఆమె తండ్రి చొక్కాలే చేతులు మడిచి వేసుకుని, స్పానర్లు పట్టుకుంది. ఇప్పుడామెకి కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

"ఏం బాబాయ్, మీ పట్టపురాణి ఇంకా తాగుతూనే ఉందా?"

"ఉందమ్మాయ్. ఏం చేస్తావో చెయ్యి. సాయంత్రం చిన్నబాబు వస్తారు."

ఆమె అతని మొహం చూసింది. ఆ తర్వాత వేళాకోళం ఆడలేదు. బానెట్ ఎత్తి, ఇంజను చుట్టూ కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, జేబులోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీసింది. అతుకులమీద, బోల్టులమీద, ఇంజను అడుగున, అంతటా పౌడరు జల్లింది. ఎక్కడైనా ఆయిల్ సన్నగా ఊరితే తెల్లటి పౌడరు మీద గోధుమరంగు చార పడుతుంది.

"నీ మొహానికి ఎప్పుడైనా రాసుకున్నావటే?" అన్నాడు నిదానం.

"నన్ను చూట్టానికి ఎవరొస్తున్నారు బాబాయ్? దీనికైతే మీ చిన్నబాబు వస్తున్నాడు."

ఇద్దరూ కారులో ఊరు చివరిదాకా వెళ్లొచ్చారు. నిదానమే నడిపాడు. ఆమె మెడ తిప్పి వెనక పొగగొట్టం వైపు చూస్తూ కూర్చుంది. కొన్ని చోట్ల ఆపి, "గట్టిగా తొక్కు" అంది. గట్టిగా తొక్కటం అతనికి చేతకాదు. "ఇంకా, ఇంకా" అంటే, అపరాధం చేస్తున్నవాడిలా మొహం పెట్టి తొక్కాడు. ఒకసారి సన్నగా నీలంగా ఏదో వచ్చి, గాలిలో కలిసిపోయినట్టయింది. ఆమె పెదవి విరిచి ఊరుకుంది.

షెడ్డుకి తిరిగొచ్చి చూస్తే పౌడరు పెళ్లికూతురి మొహంలా చెక్కుచెదరకుండా ఉంది. ఎక్కడా చార లేదు. రేడియేటరు మూత తీసి చూసింది. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, ఆయిల్ కలిస్తే తేలే మీగడలాంటి నురగ లేదు. ప్లగ్గులు విప్పి వరసగా గుడ్డమీద పెట్టింది. మసి కొంచెం ఉంది, తడి లేదు. ఒక్కొక్కటి చూసి పక్కన పెట్టినప్పుడల్లా నిదానం గుండెలో ఒక తలుపు మూసుకున్నట్టయింది. లోపం దొరకాలి. ఏదో ఒకటి పగిలి ఉండాలి, అరిగి ఉండాలి. ఇన్నేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న బండి పాడైపోయి ఉండాలని కోరుకునే రోజొకటి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

ఎండెక్కింది. ఆమె అన్నం తినటానికి చేతులు కడుక్కుంది. నిదానం షెడ్డు పక్కన బల్లమీద కూర్చుని అన్నం డబ్బా మూత తీశాడు, తినలేదు. భార్య ఫోను చేసింది.

"తిన్నావా?"

"తింటున్నా."

"అబద్ధం. నమిలే చప్పుడేదీ?" వెనక కుట్టుమిషను ఆగిపోవటం వినిపించింది. "రాత్రుళ్లు పళ్లు నూరుతున్నావు. మొదట నామీదే అనుకున్నా. చెప్పవయ్యా, ఏమైంది?"

"ఏం లేదు. బండి ఆయిల్ తాగుతోంది."

"బండి తాగితే నువ్వు పళ్లు నూరతావా?"

అతనికి నవ్వొచ్చింది. "సాయంత్రం చెప్తా," అన్నాడు.

"చెప్పినా చెప్పకపోయినా ఇంటికే కదా వచ్చేది. తిను ముందు," అని పెట్టేసింది.

కారు నీడలో నిలబడి ఉంది. వెనకసీటు తొడుగు కిటికీలోంచి కనిపిస్తోంది. కూతురు చిన్నప్పుడు ఆ కారెక్కాలని ఎంతో అడిగేది. "అది మనది కాదమ్మా," అనేవాడు. ఒకరోజు పెద్దాయనే విని, "తీసుకెళ్లవయ్యా, చక్రాలు అరిగిపోవు," అన్నాడు. పిల్లని ఎక్కించుకుని నాలుగు వీధులు తిప్పాడు. తలకి రాసిన నూనె తొడుక్కి అంటుతుందని, ఆ పిల్ల ఎక్కినప్పటినుంచి దిగేదాకా వెనక్కి ఆనకుండా నిటారుగా కూర్చుంది. ఆనకూడదని అతను చెప్పలేదు. దానికదే తెలుసుకుంది. అది తలచుకుంటే ఇప్పటికీ అతనికి వెన్ను నొప్పెట్టినట్టుంటుంది.

అన్నం తిని వచ్చాక మెకానిక్ కాసేపు నడుముమీద చేతులేసుకుని ఇంజను వైపు చూస్తూ నిలబడింది. తర్వాత, ఆ నీలం పొగ గుర్తొచ్చిందేమో, గాలి వడకట్టే డబ్బా మూత క్లిప్పులు తీసింది. లోపల కాగితపు ఫిల్టరు ఒక పక్కంతా తడిసి బరువుగా ఉంది. డబ్బా అడుగున ఆయిల్ నిలిచి ఉంది. ఇంజను నుంచి ఆ డబ్బాలోకి వచ్చే రబ్బరు గొట్టంలో వేలు పెట్టింది. వేలు నల్లగా మెరుస్తూ బయటికొచ్చింది.

"ఇదిగో బాబాయ్, ఇక్కడ దాక్కుంది."

నిదానం వంగి చూశాడు. కళ్లు చెమర్చాయి. "ఏం పాడైంది? పిస్టన్ రింగులా?"

"ఉండు." ఆమె గేజి లాగింది. తుడిచింది, దించింది, తీసింది. చూసి మళ్లీ తుడిచి మళ్లీ దించింది. "ఏం పాడవలేదు. ఇంతెందుకు పోశావు? పీకల్దాకా ఉంది. పై గీత దాటిపోయి ఇంత పైకొచ్చింది. ఎక్కువైందాన్ని కడుపులో ఉంచుకోలేక ఈ గొట్టంలోంచి కక్కుతోంది, కక్కిందాన్ని మళ్లీ గాలితో పీల్చుకుని కాల్చేస్తోంది. ఎక్కువైనంతా పోయాక ఊరుకుంటుంది. మీరు పెద్ద గ్యారేజీకి తీసుకెళ్లేసరికి అంతా కక్కేసి బుద్ధిగా కూర్చుని ఉంటుంది."

"ఎక్కువ పోశానా?" నిదానానికి అర్థం కాలేదు. "పొద్దున కింది గీతకి కూడా అందలేదమ్మాయ్. నా కళ్లతో చూశా."

ఆమె అతనివైపు చూసింది. ఆ చూపులో ఏముందో అతనికి తెలియలేదు. నిన్నటిదాకా పొయ్యటం లేదన్నారు. ఇవాళ ఎక్కువ పోశావంటున్నారు. పెద్దమ్మగారి కిటికీ ముందు అబద్ధం ఆడటానికి తనకేం పని?

"చూశావులే బాబాయ్. నువ్వు చూడకుండా పోస్తావా?" అందామె నెమ్మదిగా. "ఎక్కడ పెట్టి చూశావు?"

"పెట్టేచోటే. వాకిట్లో."

"వాకిలి ఎలా ఉంటుంది?"

చూపిద్దామని నిదానం అరచెయ్యి చాపాడు. వేళ్లు ఇంటివైపు, మణికట్టు వీధివైపు. వేళ్లు పైకి లేచాయి, మణికట్టు కిందికి దిగింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. అతను దానివైపే చూశాడు. ఆమె కూడా చూసింది.

షెడ్డు గుమ్మం దగ్గర ఏటవాలు మీద కారుని ముక్కు పైకి పెట్టి ఆపారు. కాసేపాగి గేజి తీశాడు. పొద్దున వాకిట్లో చూసినట్టే, తడి రెండు గీతల మధ్య అణకువగా ఉంది. చదును మీదికి తెచ్చి తీస్తే పై గీత దాటింది. ముక్కు ఎత్తుగా ఉంటే ఆయిలంతా వెనక్కి పోతుంది, గేజి ఉన్నది ముందువైపు. అంతే. లారీల కాలంలో అతని గురువు, దారిలో ఆయిలైపోయి బిగుసుకుపోయిన ఇంజనొకటి చూపించి, "ఆయిల్ చూడకుండా తాళం తిప్పావంటే నీ చేతులు విరగ్గొడతా," అన్నాడు. ఆ మాట మీద ఇన్నేళ్లుగా ఒక్క పొద్దు కూడా తప్పకుండా చూశాడు. వాకిలి వాలితే గేజి తప్పు చెప్తుందని మాత్రం తట్టలేదు.

"కడుపు నిండిన పిల్లకి ముద్దమీద ముద్ద కుక్కావు బాబాయ్," అని మెకానిక్ నవ్వింది. ఈసారి అతను కూడా నవ్వాడు. బల్లమీద కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. తర్వాత డబ్బా మూత తీసి, చల్లారిపోయిన అన్నమంతా తినేశాడు.

చిన్నబాబు వచ్చేసరికి ఆమె ఎక్కువైన ఆయిల్ తీసేసి, గొట్టం కడిగి, కొత్త ఫిల్టరు పెట్టింది. మొత్తం చెప్పింది. కారుని ఏటవాలు మీద ఒకసారి, చదును మీద ఒకసారి పెట్టి చూపించింది. చిన్నబాబు రెండుసార్లూ వంగి చూశాడు. సమాధానం దొరికిన సంతోషంతో అతని మొహం బడికెళ్లే రోజుల్లోలాగా విప్పారింది.

"వాలా? ఒట్టి వాలేనా?" అని పగలబడి నవ్వాడు. నిదానం భుజం మీద చరిచాడు. "హమ్మయ్య! అయితే దొంగ ఎవరూ లేరన్నమాట!"

చేతులు తుడుచుకుంటున్న మెకానిక్ ఆగిపోయింది. నిదానం నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు మొహంమీదనుంచి ఎలా దించాలో అతనికి తెలియలేదు. ఇన్నాళ్లూ ఎవరూ అనని మాటని, లేదని చెప్పటానికి అన్నారు. అన్నాక అది ఉంది.

ఇంటికి వెళ్లేటప్పుడు చిన్నబాబు ముందుసీట్లో కూర్చున్నాడు. భార్యకి ఫోనుచేసి, "ఏం లేదట. మనవాడే ప్రేమకొద్దీ ఎక్కువ పోసేశాట్ట," అని మళ్లీ నవ్వాడు. కొట్లో పగిలిన అద్దం గురించి, పాప లెక్కల మార్కుల గురించి చెప్పాడు. నిదానం "ఊఁ" కొడుతూ నడిపాడు. గుంటలన్నీ తప్పించాడు.

వాకిట్లోకి ఎక్కించి ఆపాడు. చిన్నబాబు దిగి, లోపలికెళ్లి మెట్లకింది గది తాళంచెవి తెచ్చి, "ఇది నీ దగ్గరే ఉంచుకో. అసలు రేపు ఆ తాళమే తీసేద్దాం," అన్నాడు.

నిదానం చెయ్యి చాపలేదు. కారు తాళాలు తీసి, చిన్నబాబు అరచేతిలో, ఆ తాళంచెవి పక్కనే పెట్టాడు.

"రేపటినుంచి నేను రాను చిన్నబాబూ."

"అదేంటి? ఏం లేదని తేలిపోయిందిగా!"

"తేలిందనే. తేలకముందు మానేస్తే ఇంకోలా అనుకునేవారు."

చిన్నబాబు తాళాలవైపు చూశాడు. "నేను నిన్ను ఒక్క మాటన్నా అన్నానా?"

"అనలేదు బాబూ."

అది నిజమే. చిన్నబాబు ఇంకేదో అనబోయాడు. ఈసారి అతనికి సమాధానం తెలిసినట్టే ఉంది. తాళాలు పిడికిట్లో మూసుకున్నాడు.

"ఆయిల్ చూసేటప్పుడు బండిని వీధిలోకి దించుకోండి," అన్నాడు నిదానం. "చదునుగా ఉన్నచోట పెట్టి, కాసేపాగి చూడండి. మీకు తొందరెక్కువ. ఆగటం మర్చిపోవద్దు." మళ్లీ తలుపు తీసి, సీటుని వెనక్కి జరిపాడు. చిన్నబాబు కాళ్లు పొడుగు. ఆ సీట్లో కూర్చోబెట్టి అతనికి బండి నేర్పింది నిదానమే కనుక ఎంత జరపాలో తెలుసు.

వంటగది కిటికీలోంచి పెద్దమ్మగారు పిలిచింది. "రేపు కాస్త ముందే రా. కళ్ల డాక్టరు దగ్గరికెళ్లాలి."

"చిన్నబాబు తీసుకెళ్తారమ్మా."

ఆమె లోపలికెళ్లి కాఫీ తెచ్చింది. ఎప్పుడూ కిటికీలోంచే ఇచ్చే మనిషి, ఇవాళ చుట్టూ తిరిగి గుమ్మంలోకి వచ్చి ఇచ్చింది. నిదానం నిలబడే తాగి, కుళాయి కింద గ్లాసు కడిగి, గట్టుమీద బోర్లించాడు.

వెళ్లేముందు అలవాటు ప్రకారం కారు వెనక్కి వెళ్లి, కాలితో ఏదో సర్ది, ఒకసారి చేత్తో బండిని నెట్టి చూశాడు. కదల్లేదు. గేటు చప్పుడు కాకుండా మూసి, వీధి దీపాలు వెలిగేవేళకి మలుపు తిరిగాడు. ఇంట్లో అతనికోసం కుట్టుమిషను ఆపి ఒక మనిషి కూర్చుని ఉంటుంది.

వాకిట్లో కారు ముక్కెత్తుకుని నిలబడి ఉంది. దాని వెనక చక్రం కింద, సిమెంటు వేసిన మర్నాడు అతను వాలుకి తగ్గట్టు నరికి, నున్నగా గీసి తెచ్చిన చెక్కముక్క, బండి బరువంతా మోస్తూ ఉంది.